జనరేటర్ పక్కన తొమ్మిదేళ్లు

మీరు ప్రాణంగా ప్రేమించిన పాటలను తొమ్మిదేళ్లుగా సగమే విన్నారని రుజువైతే, తప్పు మీ చెవులదంటారా, మిమ్మల్ని నిలబెట్టిన చోటుదంటారా? తొందరపడి జవాబివ్వకండి. నేను తొందరపడే ఇచ్చాను. అదీ ఒక డిబేట్ పోటీలో కప్పు గెలిచిన మరుసటి వారమే, ఎంతో ధీమాగా, పూర్తిగా తప్పు జవాబు ఇచ్చాను.

నేను ఒక రాక్ బ్యాండ్ అభిమానిని. ఈ మాట మా పెనుబల్లి వైపు చెబితే వెంటనే వచ్చే ప్రశ్న, "పెళ్లిళ్లకు వస్తరా?" అని. రారు. వాళ్లు నలుగురు. గాయకుడిది బోనకల్, రైల్వే ఉద్యోగి కొడుకు. డ్రమ్స్ వాయించే అతను చర్చి క్వయర్‌లో నేర్చుకున్నాడు. గిటార్ వాయించేది ఖమ్మం అబ్బాయి. బేస్ గిటార్ వాయించే అన్నది చర్ల దగ్గరి అడవి పల్లె. ఇంట్లో కోయ భాష, వేదిక మీద తెలుగు. ఒక పాత వ్యాన్‌లో సామాను వేసుకుని కాలేజీ వేడుకలకు, యువజన దినోత్సవాలకు, ఎగ్జిబిషన్ మైదానాలకు తిరుగుతారు. మధిర నుంచి భద్రాచలం దాకా వాళ్లు వాయించని మండలం తక్కువ. వాళ్ల పాటల్లో మా ఆర్టీసీ బస్సు ఉంటుంది, వాగు పొంగి రోడ్డు తెగిపోవడం ఉంటుంది, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్లే ఆడవాళ్లు ఉంటారు. మా ఊరు పాటలో ఉండవచ్చునని నాకు మొదట తెలిసింది వాళ్ల వల్లే.

వాళ్లను మొదటిసారి సత్తుపల్లిలో చూశాను. అప్పుడు ఆరో తరగతి. మా నాన్న విద్యుత్ శాఖలో లైన్‌మన్. ఆయనకు ఆ సంగీతం ఇష్టం లేదు. కానీ నన్ను ఒంటరిగా పంపడం అంతకన్నా ఇష్టం లేదు. కాబట్టి బండి మీద తీసుకెళ్లాడు. అలా తొమ్మిదేళ్లలో మొత్తం పంతొమ్మిది ప్రదర్శనలకు తీసుకెళ్లాడు, ప్రతిసారీ గొణుగుతూనే.

మైదానంలో అడుగుపెట్టగానే మా దారులు వేరయ్యేవి. వెదురు గుంజలు పాతి, తాడు కట్టి, ఆడవాళ్లకు ఒక చోటు కేటాయించేవారు. అది ఎప్పుడూ జనరేటర్ పక్కనే ఉండేది. ఎవరో కుట్రతో చేసిన ఏర్పాటు కాదని న్యాయంగా ఒప్పుకోవాలి. జనరేటర్ దగ్గర వెలుతురు ఉంటుంది. దాన్ని నడిపే పెద్దాయన అందరికీ తెలిసినవాడై ఉంటాడు. గేటు దగ్గరగా ఉంటుంది. ఆడపిల్లల క్షేమం ఆలోచించినవాళ్లకు అంతకన్నా మంచి చోటు తోచలేదు. పాట వినడానికి వచ్చినవాళ్లకు పాట వినపడాలన్న ఒక్క సంగతి తప్ప అన్నీ ఆలోచించారు.

నాకు ఆ లోటు తెలియలేదు. గుమ్మంటూ ఆగకుండా సాగే ఆ ధ్వని పాటలో భాగమనుకున్నాను. మా చర్చిలో హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కిపట్టి దాని మీద పాట ఎత్తుకుంటారు కదా, రాక్ సంగీతంలోనూ అలాంటిదేదో ఉంటుందని నా నమ్మకం. పైగా అది బాగుండేది. పాట ఆగిపోయినా ఆ ధ్వని ఆగేది కాదు. తర్వాతి పాట కోసం ఊపిరి బిగబట్టినట్టు అనిపించేది. ఇంట్లో ఫోన్‌లో అవే పాటలు పెట్టుకుంటే అది వినిపించేది కాదు. ఫోన్ చిన్నది, దానికి అంత శక్తి ఎక్కడిదని సర్దిచెప్పుకున్నాను.

అటు మా నాన్న మగవాళ్లతో కలిసి వేదిక ముందు నిలబడేవాడు. ఇష్టం లేనివాడికి ముందు వరుస, ప్రాణం పెట్టినదానికి జనరేటర్. తిరుగు ప్రయాణంలో బండి నడుపుతూ ఆయన ఏదో కూనిరాగం తీసేవాడు. అది నాకు తెలిసిన ఏ పాటకూ దగ్గరగా ఉండేది కాదు.

"దుమ్, దుదుమ్, దుమ్ దుమ్... ఇదే కదనే ఆ ఆకుల పాట?"

"కాదు నాన్నా. ఆ పాట అట్ల ఉండదు."

"గట్లనే ఉంది బిడ్డా. నేను ముంగటనే నిలబడ్డ."

"ముంగట నిలబడితే చెవులు వస్తాయా? ఊరుకో నాన్నా, పాట పాడైపోతుంది."

పాపం, ఊరుకునేవాడు. మరో రెండు కిలోమీటర్లకు మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఖమ్మంలో డిగ్రీ చదువుతూ హాస్టల్‌లో ఉన్నప్పుడు నా భ్రమ తొలగింది. నా గదిలోనే ఉండే స్నేహితురాలికి వాళ్ల అన్న మంచి హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. నేను గర్వంగా తునికాకు పాట పెట్టాను. మొదటి చరణం దాటకముందే హెడ్‌ఫోన్లు తీసేశాను.

"వీళ్లు పాట మార్చేశారు," అన్నాను.

"ఏం మార్చిండ్రు?"

"కింద ఇంకెవరో వేరే పాట వాయిస్తున్నారు. పైగా అసలు ఉండాల్సిన గుమ్మనే ధ్వని తీసేశారు."

ఆమె ఒక చెవికి పెట్టుకుని విన్నది. "అది బేస్ గిటారే పిచ్చిదానా. గుమ్మనేది ఏంది మరి?"

నేను అరగంట వాదించాను. ప్రత్యక్ష ప్రదర్శనే పాటకు అసలు రూపమని, రికార్డింగు దాని నకలు మాత్రమేనని, పంతొమ్మిది సార్లు విన్న సాక్షి మాటను యంత్రం మాట కొట్టేయలేదని నిరూపించాను. ఆమె దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను అంతటితో ఆగలేదు. బ్యాండ్ పేజీకి మూడు పేరాల ఫిర్యాదు రాసి పంపాను. మొదటి పేరాలో అభిమానం, రెండో పేరాలో ఆరోపణ, మూడో పేరాలో డిమాండ్: మీ పాటలకు ప్రాణమైన ఆ నిరంతర ధ్వనిని రికార్డింగుల్లో తిరిగి చేర్చాలి.

మర్నాడు జవాబు వచ్చింది. రాసింది బేస్ వాయించే అన్నే.

"మా పాటల్ల అసొంటి సౌండ్ ఏది లేదు చెల్లె. నువ్వు ఎక్కడ నిలబడి విన్నవ్?"

చెప్పాను.

తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. "అది జనరేటర్ చెల్లె."

దాని కింద నవ్వు బొమ్మ లేదు. కాసేపటికి మరొకటి రాశాడు. "నేను వాయించేది గూడ అదే స్థాయిల ఉంటది. దాని కిందికి పోయి ఉంటది. అంటే ఇన్నేండ్లు మా దగ్గరికి వచ్చిన అమ్మలు, అక్కలు ఎవ్వరు నన్ను వినలేదన్నట్టు."

నేను నాన్నకు ఫోన్ చేశాను. "నాన్నా, ఆకుల పాట పాడు" అన్నాను. ఆయన స్తంభం దిగి ఉన్నాడో, ఎక్కి ఉన్నాడో తెలియదు. కారణం అడగకుండా దుమ్, దుదుమ్ అని అందుకున్నాడు. హెడ్‌ఫోన్లలో విన్నదానికి అక్షరం తేడా లేదు. తొమ్మిదేళ్లుగా బండి వెనక కూర్చుని నేను సరిదిద్దింది సరైన పాటనే.

ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒక్కటే: ఆడవాళ్లు వేదిక ముందు నిలబడి ఆ బ్యాండ్‌ను పూర్తిగా వినాలి. నేను ఒక్కదాన్నే తాడు దూరి ముందుకు వెళ్లడం కుదరని పని కాదు. బేస్ అన్న పిలిచాడు కూడా, వేదిక పక్కన కుర్చీ వేయిస్తానని. వద్దన్నాను. ఒకరికి ఇచ్చిన మినహాయింపు మిగతావాళ్లకు కట్టిన తాడును ఇంకా బిగిస్తుందని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే అభిప్రాయం.

అవకాశం మా ఊర్లోనే వచ్చింది. మేము గుడి అని కూడా అనే మా చర్చి యువజన దినోత్సవానికి ఆ బ్యాండ్‌ను పిలుద్దామని నేను ప్రతిపాదించాను. సంఘం పెద్దలు, ఆశ్చర్యంగా, ఒప్పుకున్నారు. డ్రమ్స్ అతను క్వయర్ నుంచి వచ్చినవాడు కావడం పనికొచ్చింది. చర్చి వెనకున్న బడి మైదానంలో, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు ముగించాలన్నారు. ఆదివారం ఆరాధన తర్వాత పాస్టర్ అయ్యగారి వరండాలో ఏర్పాట్ల మీద సమావేశం జరిగింది. సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టర్, మేమంతా సారు అని పిలిచే ఆయన, మైదానం బొమ్మ గీసిన కాగితం పరిచాడు.

"స్టేజీ ఇక్కడ. మగోళ్లు ఇక్కడ. ఆడపిల్లలు బడి వరండా కాడ, జనరేటర్ గూడ ఆడనే పెడ్తరు. పొద్దుగూకినా లైటు ఉంటది."

నేను లేచాను. నాలుగు అంశాలు సిద్ధం చేసుకున్నాను. ఎదుటివాళ్ల వాదనను వాళ్లకన్నా బలంగా చెప్పగలిగితేనే దానికి జవాబిచ్చే హక్కు వస్తుందని డిబేట్‌లో నేర్పుతారు. కాబట్టి సారు భయాన్ని నేనే ముందు చెప్పాను. ఒక ఊళ్లో నా కళ్లముందే గుంపు తోసుకుంటే ఒక అమ్మాయి కిందపడింది. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆమె పడింది ముందు వరుసలో కాదు, ఎవరూ చూడని వెనక మూలలో. అందరి కళ్లూ పడే చోటే భద్రమైన చోటు. అయ్యగారు తల ఊపారు. సారు కూడా కాగితం వైపు అనుమానంగా చూశాడు. అక్కడితో కూర్చుంటే గెలిచేదాన్నేమో. కానీ నాలుగో అంశం మిగిలి ఉంది.

"అసలు లోపం మన ఆరాధనలోనే ఉంది. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు అని విడదీసి కూర్చోబెట్టడం నుంచే ఈ తాళ్లు పుట్టాయి," అన్నాను.

సారు కళ్లజోడు తీశాడు.

"అయితే గుడిల కూసునేది గూడ మార్చాల్నా బిడ్డా?"

కాదని చెప్పి ఉండవచ్చు. ఆ క్షణానికి అదే తెలివైన పని. కానీ నేను నమ్మినది అదే. "అవ్ సార్," అన్నాను.

చేతులెత్తమన్నారు. నా వైపు రెండే చేతులు లేచాయి. అందులో ఒకటి నాది.

అప్పటిదాకా మాట్లాడనిది స్త్రీల సమాజం పెద్దమ్మ. వరండా మెట్టు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. కాగితం మడతపెడుతున్న సారును ఆపింది.

"సారూ, ఒక్క మాట. గుడిల నా జాగ ఏడ?"

"నీకు తెల్వదా అక్కా? ఎడమ దిక్కు, మొదటి వరుస."

"ఎప్పటి సంది?"

"నేను ఈ ఊరికి బదిలీ మీద వచ్చినప్పటి సంది ఆడనే చూస్తున్న."

"మరి దేవుని ముంగట మొదటి వరుసల కూసునేదాన్ని, గా గిటారు పోరగాళ్ల కాడ ఎనకకు పోయి జనరేటర్ పక్కన ఎందుకు కూసోవాలె? గాళ్లేమన్న దేవునికంటె పెద్దోళ్లా?"

ముందుగా నవ్వింది అయ్యగారు. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. సారు కాగితం మళ్లీ విప్పాడు, జేబులోంచి పెన్ను తీశాడు, మైదానం మధ్యలో వేదిక నుంచి గేటు దాకా ఒక నిలువు గీత గీశాడు. ఎడమ సగం ఆడవాళ్లది, కుడి సగం మగవాళ్లది, మధ్యలో దారి. అచ్చం గుడిలో లాగే, ముందు నుంచి వెనక దాకా.

నా నాలుగు అంశాలు చేయలేనిది ఆమె ఒక్క ప్రశ్న చేసింది. అదీ నేను తప్పుబట్టిన ఆ ఎడమ కుడి పద్ధతినే ఆధారంగా తీసుకుని. గేటు దాకా ఆమెతో నడిచాను.

"ఏంది పిల్లా, గెలిచినంక గూడ మొకం గట్ల పెట్టినవ్?"

"ఎడమ కుడి వద్దని నేనే అన్న కద పెద్దమ్మా. ఇప్పుడు దానితోనే..."

"అను. ఎవరొద్దన్నరు? ఈ ఏడు ముంగట నిలబడి అను. వచ్చే ఏడు గుడిల గూడ అను, నేను వింట. విన్నంక ఒప్పుకుంటనా లేదా అన్నది నా ఇష్టం."

సారు ఒక షరతు పెట్టాడు. ఒక్క ఆడపిల్లకు చిన్న ఇబ్బంది కలిగినా ఆ బ్యాండ్ మళ్లీ ఆ మైదానంలో అడుగుపెట్టదు, ఇకపై ఏ కార్యక్రమానికైనా ఆడవాళ్లు వరండా దగ్గరే. "జవాబుదారీ నీదే," అన్నాడు. "నాదే సార్," అన్నాను. నేను ఓడితే ఓడేది నేను ఒక్కదాన్ని కాదు. మా ఊరి ఆడపిల్లలందరికీ ఆ మూల శాశ్వతమవుతుంది, నా సాక్ష్యంతో సహా.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం మా నాన్న జనరేటర్‌ను ప్రహరీ గోడ అవతలికి నెట్టించాడు. అంత దూరం కేబుల్ సరిపోదని దాన్ని తెచ్చిన పెద్దాయన వాదించాడు. నాన్న ఎక్కడి నుంచో ఇంకొక చుట్ట తెచ్చి అతుకు వేశాడు, నేల మీద కాళ్లకు తగలకుండా గోడ వెంట కట్టాడు. "ఆ బ్యాండ్ అంటే నాకు ఇష్టం లేదు. వైరింగు సక్కగ లేకుంటే అసలే ఇష్టం లేదు," అన్నాడు. నేను బడి ఆటల గదిలోని సున్నంతో మధ్య దారికి రెండు తెల్ల గీతలు పోశాను. మూడున్నరకు వ్యాన్ వచ్చింది. బేస్ అన్న తన స్పీకర్ పెట్టెను డ్రమ్స్‌కు కుడిపక్కన దించాడు. ఆయన ఎప్పుడూ అక్కడే నిలబడతాడట. వేదిక వైపు తిరిగి చూసే జనానికి అది ఎడమవైపు. నేను ఆ పెట్టెనూ, దాని ఎదురుగా ఉన్న ఖాళీ నేలనూ మార్చి మార్చి చూశాను. అది ఆడవాళ్ల సగం.

అంతా సవ్యంగా ఉందనుకున్నాను. ఒక్క సంగతి మరిచిపోయాను. గుడిలో లాగే అని ఊరందరికీ చెప్పాము. ఊరు ఆ మాటను అక్షరాలా తీసుకుంది.

వచ్చినవాళ్లు వచ్చినట్టు గేటు దగ్గర చెప్పులు విప్పేశారు. ఎవరో ఆలోచించి, మధ్య దారి వదిలి, మైదానమంతా టార్పాలిన్లు పరిచారు. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకున్నారు. పిల్లలు కూడా చేతులు కట్టుకున్నారు. వేంసూరు నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒకాయన పాటల పుస్తకం కూడా తెచ్చుకున్నాడు. బ్యాండ్ వేదిక ఎక్కేసరికి ఎదురుగా నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో, నేల మీద కూర్చున్న ఒక మహా సంఘం ఉంది.

గాయకుడు బస్సు పాట అందుకున్నాడు. వాళ్ల పాటల్లోకెల్లా హోరెత్తించేది అదే. ఎక్కడైనా ఆ పాటకు దుమ్ము లేస్తుంది. ఇక్కడ ఒక్క తల కదల్లేదు. అందరూ శ్రద్ధగా, గౌరవంగా విన్నారు. పాట ముగిసింది. చప్పట్లు లేవు, ఈలలు లేవు. ఆ నిశ్శబ్దంలో మగవాళ్ల వైపు నుంచి ఒక ముసలి గొంతు నిండుగా పలికింది.

"స్తోత్రం!"

డ్రమ్స్ అతని చేతిలోంచి కర్ర జారిపోయింది. నవ్వు ఆపుకోవడానికి కర్ర వెతుకుతున్నట్టు వంగిపోయాడు. గాయకుడు మాత్రం కంగారుపడ్డాడు. వేదిక అంచుకు వచ్చి నా వైపు వంగాడు.

"చెల్లె, మీవోళ్లకు నచ్చలేదా?"

"నచ్చిందన్నా. మావాళ్లు పాట అయినంక చప్పట్లు కొట్టరు."

"మరి ఏం చేస్తరు?"

రెండో వరుసలో సారు కనిపిస్తున్నాడు. ఇదేనా నువ్వు గొప్పగా చెప్పింది అన్నట్టున్నాయి ఆయన కళ్లు. గలాటా జరుగుతుందేమోనని వారం రోజులు భయపడ్డాను. ఏమీ జరగకపోవడమనే ప్రమాదం ఒకటుంటుందని ఊహించలేదు. ఇలాగే ముగిస్తే ఇబ్బందేమీ కలగదు, షరతు నిలబడుతుంది. కానీ ఆ బ్యాండ్ మళ్లీ మా ఊరికి ఎందుకు వస్తుంది?

గాయకుడు మైకు దగ్గరకు వెళ్లాడు. ఏం చెప్పాలో తెలియక, మామూలుగా ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు.

"తర్వాతి పాట... తునికాకు పాట."

పెద్దమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

మా చర్చిలో పాట పేరు చదివితే సంఘం లేస్తుంది. పాటను కూర్చుని పాడటం మర్యాద కాదు. బస్సు పాటకు ఎవరూ పేరు చెప్పలేదు, అందుకే ఎవరూ లేవలేదు! పెద్దమ్మ వెనక మొదటి వరుస లేచింది. దాని వెనక వరుస. మోకాళ్ల నొప్పులవాళ్లు పక్కవాళ్ల భుజాలు పట్టుకుని లేచారు. ఎడమ సగం పూర్తిగా నిలబడ్డాక కుడి సగం కూడా లేచింది. వేదిక మీద నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ పాట బేస్‌తోనే మొదలవుతుంది. బేస్ అన్న ముందుకు ఒక అడుగు వేసి, ఆడవాళ్ల వైపు తిరిగి, మొదటి తీగ మీటాడు.

నేను చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాను. కాబట్టి అది చెవికన్నా ముందు పాదాలకు తెలిసింది. టార్పాలిన్ కింది నేల సన్నగా వణికి, ఆ వణుకు మోకాళ్ల మీదుగా పైకి పాకి, పక్కటెముకల మధ్య స్థిరపడింది. దుమ్, దుదుమ్, దుమ్ దుమ్. దాని మీద డ్రమ్స్ వచ్చాయి, దాని మీద గిటార్ వచ్చింది, ఆఖరున నాకు తొమ్మిదేళ్లుగా కంఠతా వచ్చిన మాటలు వచ్చాయి. ఆకు కట్టలు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ల పాట అది. ఆ బేస్ వాళ్ల నడక. అడుగు, రెండు చిన్న అడుగులు, మళ్లీ అడుగు. ఆ నడకను వదిలేసి ఇన్నేళ్లు నేను వాళ్ల మాటలు మాత్రమే విన్నాను. దారికి అవతల మా నాన్న నిలబడి ఉన్నాడు. నా వైపు చూసి, చూపుడు వేలితో గాలిలో ఆ దెబ్బలు లెక్కపెట్టి చూపించాడు. నేను రెండు చేతులూ జోడించి ఒప్పుకున్నాను.

పాట వేగం అందుకునే చోటు వచ్చింది. నా పక్కనున్న ఇంటర్ చదివే అమ్మాయి ఎగరడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు. పెద్దమ్మ ఎగరలేదు గానీ, కుడి కాలితో నేలను గట్టిగా తన్నుతోంది. "ఏంది పెద్దమ్మా, డాన్సా?" అని అరిచాను. "చీమ కుట్టింది," అని అరిచింది. పాట అయ్యేదాకా ఆ చీమ కుడుతూనే ఉంది.

మూడో పాటలో నేను భయపడినది జరగబోయింది. మగవాళ్ల వైపు నుంచి ఒక యువకుడు ఊపులో తెల్ల గీత దాటి మధ్య దారిలోకి వచ్చాడు. వెనక మరో ఇద్దరు కదిలారు. అటు పరుగెత్తబోయాను. నాకన్నా ముందే, దారి అంచున నిలబడిన స్త్రీల సమాజం అమ్మ ఒకామె రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది.

"ఏందిరా? కానుక పట్టుకొస్తున్నవా?"

మా గుడిలో ఆ నడిమి దారిన ముందుకు వచ్చేది కానుక పళ్లెంతో మాత్రమే. అబ్బాయి తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. అటూ ఇటూ రెండు సగాలూ పగలబడి నవ్వాయి. "తప్పయింది అత్తమ్మా," అని వెనక్కి నడిచి, గీత అవతల అంతకన్నా హుషారుగా ఎగిరాడు. ఆ తర్వాత చివరి పాట దాకా ఆ గీత ఎవరూ తొక్కలేదు.

ప్రతి పాటకూ గాయకుడు పేరు చదివాడు. ప్రతి పాటకూ నిలబడ్డారు. నాలుగో పాట తర్వాత కూర్చోవడం మానేశారు. చప్పట్లు కూడా వచ్చాయి, ముందు ఎడమవైపు నుంచే. దీపాలు పెట్టే వేళకు, చెప్పిన మాట ప్రకారం, ముగిసింది. ఒక్క అమ్మాయికీ చిన్న దెబ్బ తగలలేదు. ఇబ్బందల్లా చెప్పుల దగ్గరే వచ్చింది. ఏవి ఎవరివో తేలేసరికి పాటల కన్నా ఎక్కువసేపు పట్టింది.

సారు నా దగ్గరికి వచ్చాడు. కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

"వచ్చే ఏడు గూడ గిట్లనే పెడ్దాం. గని బిడ్డా, ఆ నాలుగు తీగల గిటారు ఉంది సూడు, అది ఛాతిల కొట్టినట్టు వినపడ్డది. మీకు గూడ వినపడ్డదా?"

"వినపడింది సార్," అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక వాదన గెలిచి, ముగింపు వాక్యం లేకుండా నిలబడ్డాను.

బేస్ అన్న సామాను సర్దుకుంటూ ఆ తెల్ల గీతలకు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. ఇప్పుడు నిర్వాహకులకు వాళ్లు పంపే ఏర్పాట్ల కాగితంలో ఆ ఫొటో ఉంది. దాని కింద ఒక వాక్యం ఉంది: వేదిక ముందు స్థలంలో సగం ఆడవాళ్లది, లేకపోతే మేము వాయించము. బోనకల్‌లో అలాగే జరిగింది, ఆ గాయకుడి తల్లి మొదటిసారి కొడుకు ముఖం చూస్తూ విన్నది. వేంసూరులో గీత కూడా గీయలేదు. కుటుంబాలకు కుటుంబాలు కలిసి నిలబడ్డాయి, ఏ ఉపద్రవమూ రాలేదు. ఆ విషయం మా సంఘం సమావేశంలో నేను ప్రస్తావించాను. నాలుగో అంశాన్ని నేను ఇంకా వదల్లేదు. ఈసారి నాలుగు చేతులు లేచాయి. పెద్దమ్మది లేవలేదు. కానీ మాట ఇచ్చినట్టే ఆసాంతం విన్నది.

చదువరులారా, మీ ఊరి గోడ మీద ఏ పాట కచేరీ పోస్టర్ కనిపించినా ఒక పని చేయండి. ముందు రోజే మైదానానికి వెళ్లండి. గుంజలు ఎక్కడ పాతుతున్నారో చూడండి. ఆడవాళ్ల చోటు ఏదని నిర్వాహకులను పేరు పెట్టి, గట్టిగా అడగండి. "వాళ్ల క్షేమం కోసమే" అని చెబితే, అయితే ఒక్క పాట సేపు మీరు అక్కడ నిలబడి వినండి అనండి. గుంజలు పీకించండి. మరునాడు మీ ఇంట్లోని అమ్మను, చెల్లెను, పక్కింటి పెద్దమ్మను వెంటబెట్టుకుని అందరికన్నా ముందు చేరండి. మొదటి పాట మొదలయ్యే లోపల వాళ్లను వేదిక ఎదుట నిలబెట్టండి.